80 నిమిషాల ఖాళీ తర్వాత వచ్చే రైలు ఎవరికి?

కలకత్తా మెట్రోలో రాత్రిపూట రైలు నడిపి చూశారు, జనం ఎక్కలేదు, కాబట్టి ఆ ఊరికి రాత్రి రైలు అక్కర్లేదు. 2024 నుంచీ ఈ మాట వింటున్నాను. పేపర్లో చదివాను, హౌరా వెళ్ళే బండిలో తోటి ప్రయాణికుల నోట విన్నాను, మా బరంపురం టీ కొట్టు దగ్గర కూడా విన్నాను. నాకు మాత్రం మింగుడుపడటం లేదు. నడిపిన మాట నిజం. ఎక్కినవాళ్ళు తక్కువన్నదీ నిజమే. కానీ ఆ రైలును ఎలా నడిపారో చూస్తే, ఎక్కకపోవడంలో జనం తప్పేమీ లేదని నా వాదన.

బరంపురంలో ఉండేవాడికి కలకత్తా మెట్రో గొడవ ఎందుకని అడగొచ్చు. మాది గంజాం జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ప్రాంతం. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. హౌరా–చెన్నై లైను మా ఊరి మీదుగా పోతుంది కాబట్టి పెద్ద పని ఏది పడినా కిందికి విశాఖ వెళ్ళాలి, లేదా పైకి కలకత్తా వెళ్ళాలి. ఉద్యోగాలకు, పెద్దాసుపత్రులకు, బట్టల బేరాలకు మా చుట్టాల్లో చాలామంది పైకే వెళ్తారు. దారిలో ఖరగ్‌పూర్ ఉంది, అక్కడి రైల్వే కాలనీల్లో తెలుగువాళ్ళు తరాలుగా ఉన్నారు. మా అమ్మ వైద్యం కోసం నేనూ ఆ ఊరికి వెళ్తూ వస్తూ ఉంటాను. బెంగాలీ సరిగా రాని మనిషికి అక్కడ మెట్రో కొండంత అండ. బేరం ఆడక్కర్లేదు, ఎక్కడ తిప్పుతారో అన్న టెన్షన్ లేదు, దిగాల్సిన స్టేషన్ పేరు తెలిస్తే చాలు. రాత్రి పది దాటేసరికి ఆ అండ ఉండదు.

ఇంకో సంగతి కూడా ఉంది. దేశంలో మిగతా మెట్రోలు వేటికవి కంపెనీలు పెట్టుకుని నడుస్తుంటే, కలకత్తా మెట్రోను నేరుగా ఇండియన్ రైల్వేయే నడుపుతోంది. 1984 అక్టోబర్ 24న ఎస్ప్లనేడ్ నుంచి భవానీపూర్ దాకా 3.4 కిలోమీటర్లతో మొదలైన దేశపు తొలి మెట్రో అది. 2010 డిసెంబర్‌లో దాన్ని రైల్వేలో ఒక జోన్‌గా చేశారు. ఇప్పుడు బ్లూ లైన్ అంటున్న ఆ పాత లైను ఉత్తరాన దక్షిణేశ్వర్ నుంచి దక్షిణాన కవి సుభాష్ దాకా సుమారు 31 కిలోమీటర్లకు పెరిగింది. (స్తంభాల్లో పగుళ్ళు కనపడి 2025 జూలైలో కవి సుభాష్ స్టేషన్‌ను మూసేశారు. నేను చెప్పబోయేది అంతకు ముందటి సంగతి.) రైల్వే క్వార్టర్లలో పెరిగిన నాలాంటివాడికి అది పరాయి సంస్థలా అనిపించదు. అందుకే ఇంత పట్టింపు.

అసలు విషయానికి వస్తాను. అప్పట్లో పనిదినాల్లో కవి సుభాష్ నుంచి, దమ్‌దమ్ నుంచి మామూలు ఆఖరి బండి రాత్రి 9.40కి బయల్దేరేది. 2024 మే 24 నుంచి ప్రయోగాత్మకంగా రెండు చివర్ల నుంచీ 11 గంటలకు ఒక్కో ప్రత్యేక రైలు వేశారు. ఉత్తరపు చివర అంటే దక్షిణేశ్వర్ కాదు, దమ్‌దమ్. సోమవారం నుంచి శుక్రవారం దాకా మాత్రమే. వార్త చదవగానే సంతోషపడ్డాను. మర్నాడు మళ్ళీ చదువుతుంటే ఆ రెండు వేళల మధ్య ఖాళీ కనపడింది. 9.40 తర్వాత 11. నడుమ ఏమీ లేదు. గంటా ఇరవై నిమిషాల పాటు రైలు లేని లైను మీద ఒక్కసారిగా ఒక రైలు వచ్చి పోతుంది.

మా పిన్ని కొడుకు పార్క్ స్ట్రీట్ దగ్గర ఒక హోటల్ కిచెన్‌లో పనిచేస్తాడు, దమ్‌దమ్ అవతల గది తీసుకుని ఉంటాడు. పదింటికి స్టవ్‌లు ఆర్పుతారు. తర్వాత మిగిలిన గ్రేవీలు డబ్బాల్లోకి సర్ది, తేదీ రాసిన స్టిక్కర్లు అంటించి ఫ్రిజ్‌లో పెట్టాలి. తందూరు పక్క గోడ మీద జిడ్డు వేడి నీళ్ళతో తోమాలి. ఇవన్నీ అయ్యేసరికి పదింబావు, పదిన్నర. కవి సుభాష్‌లో 9.40కి కదిలిన బండి అతను గేటు దాటేలోపే పార్క్ స్ట్రీట్ దాటిపోతుంది. 11 గంటల బండి అక్కడికి రావాలంటే పదకొండున్నర అవుతుంది. అదెక్కుతావా అని ఫోన్లో అడిగితే, "ఏటన్నయ్యా, పది నిమిషాలయితే నిలబడతాను గానీ గంట సేపు కూచోమంటే ఎలాగ? ఆలోపు బస్సు మారి ఇంటికెళ్ళి స్నానం కూడా చేసేస్తాను కదా!" అన్నాడు. బస్సులో రెట్టింపు టైము పడుతుంది, వానాకాలంలో ఇంకా ఎక్కువ. అయినా బస్సే నయం, ఎందుకంటే అది కదులుతూ ఉంటుంది.

ఇందులో అతని బద్ధకం ఏముంది? రోజంతా నిలబడి పనిచేసిన మనిషి ఆఖరి బండి కోసం గంట ఎదురుచూడడు. చూడాల్సిన అవసరమూ లేదు. పైగా వాళ్ళ హోటల్‌కి శని, ఆదివారాలే పండగ. ఆ రెండు రాత్రులూ గిన్నెలు కడిగేసరికి మరీ ఆలస్యం. రాత్రి రైలుకు ఆ రెండు రోజులూ సెలవు.

రోజూ రైలెక్కేవాళ్ళెవరూ టైంటేబుల్ జేబులో పెట్టుకుని తిరగరు. స్టేషన్‌కి వెళ్తే కాసేపట్లో ఏదో ఒక బండి వస్తుందన్న ధైర్యంతో వెళ్తారు. పగలు కలకత్తాలో ఆ ధైర్యం ఉంది కాబట్టే అన్ని లక్షల మంది మెట్లు దిగుతున్నారు. మధ్యలో గంటకు పైగా ఖాళీ పెట్టి, ఆ తర్వాత ఒక బండి పంపితే, ఆ బండి గురించి ముందే తెలిసి, సరిగ్గా ఆ వేళకే పని ముగిసి, సరిగ్గా ఆ లైను మీదే ఇల్లు ఉన్నవాడు మాత్రమే ఎక్కుతాడు. అలాంటివాళ్ళు రెండు రైళ్ళలో కలిపి సగటున 600 మంది తేలారట. నాకైతే ఆ 600 మందీ వచ్చారంటేనే ఆశ్చర్యం.

మెట్రో వాళ్ళు చెప్పిన లెక్క ఇదీ: ఆ జత రైళ్ళు నడపడానికి సుమారు 2 లక్షల 70 వేలు, ఇతర ఖర్చులు ఇంకో 50 వేలు, వచ్చే ఆదాయం సుమారు 6 వేలు. 3 లక్షల 20 వేలు పెట్టి 6 వేలు రాబట్టడం ఎవరికైనా నష్టమే, కాదనను. ఒక్కో ప్రయాణికుడి మీద 530 రూపాయల పైచిలుకు ఖర్చు. ఈ అంకెలు చూపించి 2024 జూన్ 24 నుంచి 11 గంటల బండిని 10.40కి జరిపారు. ఖాళీ 80 నిమిషాల నుంచి గంటకు తగ్గింది, అంతే. ఆ బండికి బుకింగు కౌంటర్లు తెరిచేవారు కాదు, మెషిన్ దగ్గర యూపీఐతో టోకెన్ కొనుక్కోవాల్సి వచ్చేది, లేదంటే స్మార్ట్ కార్డు ఉండాల్సి వచ్చేది. మా అమ్మ లాంటి మనిషి, కొంగున నోట్లు ముడివేసుకునే మనిషి, ఆ వేళకు ఒంటరిగా స్టేషన్‌కి వచ్చిందనుకోండి. చేతిలో డబ్బుంది, కింద రైలుంది, మధ్యలో గేటు తెరుచుకోదు.

ఆ తర్వాత 2024 డిసెంబర్ 10 నుంచి ఆ ఆఖరి బండికి దూరంతో పని లేకుండా టికెట్ మీద 10 రూపాయల సర్‌ఛార్జి వేశారు. 5 రూపాయల దూరానికి 15, 10 రూపాయల దూరానికి 20. ఇక్కడ మెట్రో వాళ్ళ అంకెల్నే పట్టుకుని చూడండి. 600 మంది దగ్గర 6 వేలు వచ్చిందంటే సగటున మనిషికి 10 రూపాయల టికెట్టు. అంటే ఈ సర్‌ఛార్జితో సగటు ప్రయాణికుడికి ఛార్జీ సరిగ్గా రెట్టింపయింది. పోనీ దానివల్ల నష్టం పూడిందా? ఒక్కరు కూడా తగ్గకుండా అందరూ ఎక్కారనుకున్నా అదనంగా వచ్చేది 6 వేలే. మొత్తం 12 వేలు. 3 లక్షల 20 వేల ఖర్చులో అది నాలుగు శాతం కూడా కాదు. ఖజానాకు పనికిరాదు, ప్రయాణికుడికి మాత్రం భారం. రాత్రి పదకొండింటికి ఎనిమిది బోగీల రైల్లో కూచుని ఇంటికి పోయేది నర్సు, కిచెన్‌లో కుర్రాడు, మాల్‌లో సేల్స్ గర్ల్, సెక్యూరిటీ గార్డు. కారున్నవాడు కాదు. వాళ్ళ దగ్గర ఆ 10 రూపాయలు వసూలు చేయడం నాకు న్యాయంగా కనిపించలేదు.

ఇక అవతలి వాదన. రాత్రి రైళ్ళు ఆపేది ఊరికే కాదు, పట్టాల పని ఉంటుంది. ఈ వాదనను నేను తేలిగ్గా తీసుకోలేను. మా నాన్నగారు మెయిన్ లైను మీద గ్యాంగ్‌మన్‌గా చేశారు. "ఈ రాత్రి బ్లాక్ ఉంది" (పట్టాల పని కోసం కాసేపు రైళ్ళు ఆపడాన్ని బ్లాక్ అంటారు) అంటే మా ఇంట్లో తెల్లారేదాకా ఎవరికీ సరిగా నిద్ర పట్టేది కాదు. మూడు గంటల బ్లాక్ ఇచ్చారంటే చేతికి అందేది రెండు గంటలేనని ఆయన అనేవారు. ముందు కరెంటు తీయించాలి, తీసినట్టు కాగితం చేతికి రావాలి, సామాను మోసుకెళ్ళాలి. చివర్లో పట్టాల మీద స్పానర్ ఒకటి మర్చిపోలేదని లెక్క చూసుకోవాలి. పొద్దున్నే ఇంటికొచ్చి అరచేతుల్లో గ్రీజు కిరసనాయిలుతో రుద్దుకుంటుంటే నేను మగ్గుతో నీళ్ళు పోసేవాణ్ణి. మెట్రోలో ఆ పని ఇంకా కష్టం. కరెంటు పైన తీగలో కాదు, పట్టాల పక్కనే మూడో పట్టాలో 750 వోల్టుల మీద ఉంటుంది. అది ఆపకుండా సొరంగంలో అడుగు పెట్టడానికి వీల్లేదు. పైగా కలకత్తా నేల నీటి నేల. ఆ 11 గంటల రైలు మొదలైన మూడు రోజులకే, మే 27న, రెమల్ తుఫాను వానకు పార్క్ స్ట్రీట్ దగ్గర పట్టాల మీదికి నీళ్ళు చేరి లైను మధ్య భాగంలో రైళ్ళు గంటల కొద్దీ ఆగాయి. అలాంటి పాత సొరంగాన్ని కనిపెట్టుకుని ఉండే మనుషులకు రాత్రి కావాలి. 24 గంటలూ రైళ్ళు తిప్పండని అడిగేవాళ్ళతో నేను కలవను.

కానీ ఎంత రాత్రి కావాలి? ఆ లైను మీద అప్పట్లో పనిదినాల్లో పొద్దున మొదటి రైలు 6.50కి. 10.40కి బయల్దేరిన బండి గమ్యం చేరేసరికి పదకొండున్నర దాటుతుంది. అప్పటి నుంచి తెల్లారి 6.50 దాకా ఏడు గంటలు. ఢిల్లీలో, హైదరాబాదులో ఉదయం ఆరింటికల్లా మెట్రో తిరుగుతుంటుంది. వాళ్ళకున్న రాత్రి దీనికంటే చిన్నది, అయినా పట్టాల పని చేసుకుంటున్నారు. 9.40కీ 10.40కీ మధ్య లైను ఖాళీగా ఉన్న గంటలో గ్యాంగ్ ఎలాగూ సొరంగంలోకి దిగలేదు, ఎందుకంటే వెనక ఇంకో రైలు రాబోతోంది, కరెంటు తీయడానికి లేదు. అంటే ఆ గంట ప్రయాణికుడికీ పనికిరాలేదు, గ్యాంగ్‌కీ పనికిరాలేదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

రాత్రి రైళ్ళు మామూలు పద్ధతిలో నడవకపోవడంలో వింతేమీ లేదు, ప్రపంచమంతా అంతే. న్యూయార్క్ సబ్‌వే 24 గంటలూ నడుస్తుంది, కానీ రాత్రి దాని రూపం వేరు. పగలు కొన్ని స్టేషన్లలోనే ఆగుతూ దూసుకుపోయే 'ఎ' (A) అనే రైలు రాత్రి ప్రతి స్టేషన్‌లోనూ ఆగుతుంది, దాంతో పాటు తిరిగే 'సి' (C) రైలు అసలు రాదు. పగలు ఊరి నడిబొడ్డు దాకా వెళ్ళే 5 నంబరు రైలు రాత్రి ఊరికి ఉత్తరాన ఉన్న బ్రాంక్స్ ప్రాంతంలో ఒక చిన్న ముక్క మీద మాత్రం అటూ ఇటూ తిరుగుతుంది. చాలా చోట్ల నాలుగేసి పట్టాలు ఉండటం వల్ల రెండింటి మీద పని చేస్తూ మిగతా రెండింటి మీద బళ్ళు నడపగలరు. అయినా చాలక 2012లో ఫాస్ట్‌ట్రాక్ అని ఒక పద్ధతి తెచ్చి, ఒక లైను ముక్కను వరసగా కొన్ని రాత్రులు 10 నుంచి 5 దాకా పూర్తిగా మూసి పని చేశారు. కరోనా రోజుల్లో, 2020 మే 6 నుంచి 2021 మే 17 దాకా, ఆ సబ్‌వే కూడా రాత్రిళ్ళు మూతపడింది. ఇన్ని తిప్పలున్నా ఒక్క విషయంలో వాళ్ళు మాట తప్పరు. అర్ధరాత్రి కూడా దాదాపు 20 నిమిషాలకొక రైలు అని టైంటేబుల్‌లో ఉంటుంది. రైళ్ళు తక్కువైనా, వరస తెగదు. లండన్ వాళ్ళకు అన్ని పట్టాల్లేవు, అందుకని 2016 ఆగస్టు నుంచి శుక్ర, శనివారాల రాత్రులే, కొన్ని లైన్ల మీదే రాత్రంతా నడపడం మొదలుపెట్టారు. జనం బయట తిరిగే రాత్రులేవో చూసుకుని ఆ రాత్రులే ఎంచుకున్నారు. కలకత్తాలో ఆ రెండింట్లో శనివారం రాత్రిని వదిలేశారు.

కలకత్తాకు రాత్రి రైలు చేతకాదా అంటే అదీ కాదు. దసరాలకు సప్తమి, అష్టమి, నవమి రాత్రులు ఇదే బ్లూ లైన్ మీద తెల్లవారుజామున నాలుగింటి దాకా రైళ్ళు తిరుగుతాయి, కాలు పెట్టడానికి చోటుండదు. మా బరంపురంలో రెండేళ్ళకోసారి ఠాకురాణి యాత్ర జరిగినప్పుడు నెల రోజుల పాటు ఊరు రాత్రంతా మేలుకునే ఉంటుంది, ఆడవాళ్ళు చంటిపిల్లల్ని చంకనేసుకుని అర్ధరాత్రి వీధుల్లో తిరుగుతారు. మామూలు రోజుల్లో తొమ్మిదింటికి తలుపులేసుకునే ఇళ్ళవాళ్ళే వాళ్ళంతా. చుట్టూ మనుషులు, దీపాలు, తెరిచిన కొట్లు ఉంటే భయం ఉండదు. స్టేషన్‌లో కౌంటర్ మూసేసి, గంటకొక బండి అంటే ఆడమనిషి ఎవరూ మెట్లు దిగరు. దిగకూడదని ఇంట్లోవాళ్ళే చెప్తారు. ఆ దిగనివాళ్ళు ఏ లెక్కలోకీ రారు.

హౌరా సంగతి కూడా చెప్పాలి. 2024 మార్చి 15న హుగ్లీ నది కింద నుంచి హౌరా మైదాన్–ఎస్ప్లనేడ్ మెట్రో మొదలైనప్పుడు మా వైపు వాళ్ళం ఎంత సంబరపడ్డామో! పెట్టె పట్టుకుని ఆ పాత హౌరా వంతెన మీద ట్రాఫిక్‌లో ఇరుక్కోనక్కర్లేదు. నది కింద 520 మీటర్లు 45 సెకన్లలో దాటేస్తుంది. 2025 ఆగస్టులో సియాల్దా–ఎస్ప్లనేడ్ ముక్క కూడా తెరిచాక ఆ లైను సంపూర్ణమైంది. కానీ దక్షిణం నుంచి వచ్చే బళ్ళు టైముకి వచ్చే రోజులెన్ని? సాయంత్రం చేరాల్సిన బండి రాత్రి పదిన్నరకు చేరితే, ఒక్కసారిగా వెయ్యి మందికి పైగా సామానుతో దిగుతారు. అందులో ఆసుపత్రికి వచ్చిన రోగులుంటారు, ఊరు కొత్త అయినవాళ్ళుంటారు. మెయిన్ లైనూ రైల్వేదే, మెట్రో కూడా రైల్వేదే. మెయిల్, ఎక్స్‌ప్రెస్ బండి ఎన్ని గంటలు లేటో కంట్రోల్ రూములో ముందే తెలుసు. రెండు కంట్రోళ్ళూ ఫోన్లో మాట్లాడుకుని ఆ రాత్రికి ఒక్క బండి అదనంగా నడిపితే, అది ప్రయోగం కానక్కర్లేదు, రైల్వే తన ప్రయాణికుణ్ణి ఇంటిదాకా చేర్చడమే అవుతుంది. వేరే నగరాల్లో ఇది రెండు సంస్థల మధ్య ఉత్తరాలతో తేలాల్సిన పని. ఇక్కడ ఒకే ఇంటి పని.

రాత్రి బండి ఒక్కటే వేసి దాన్ని దూరంగా నెట్టే బదులు, 9.40 తర్వాత పదింటికి ఒకటి, పదీ ఇరవైకి ఒకటి, 10.40కి ఒకటి వెయ్యండి. ఖర్చు మూడింతలవుతుందని అంటారు. కాదు. 10.40 బండి కోసం స్టేషన్ మాస్టరు ఎలాగూ మేలుకునే ఉన్నాడు, ఆర్‌పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) వాళ్ళు ఉన్నారు, కంట్రోల్ రూము నడుస్తోంది, మూడో పట్టాలో కరెంటుంది, ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఆ పెద్ద ఖర్చంతా ఒక్క జత రైళ్ళ నెత్తిన వేసి 3 లక్షల 20 వేలు అంటున్నారని నా అనుమానం. పెరిగేది మోటర్‌మన్ డ్యూటీ, కదిలే బండికి కరెంటు. శని, ఆదివారాలు కలపండి. అన్ని స్టేషన్లలో కాకపోయినా దమ్‌దమ్, ఎస్ప్లనేడ్, రవీంద్ర సదన్, కాళీఘాట్ లాంటి చోట్ల ఒక్క కౌంటరైనా నోట్లు తీసుకునేలా తెరిచి ఉంచండి. సర్‌ఛార్జి తీసేయండి. కనీసం ఒక ఏడాది ఇలా నడపండి, ఎందుకంటే మనిషి తన పని వేళలు, అద్దె ఇల్లు ఒక రైలును నమ్ముకుని మార్చుకోవడానికి నెల రోజులు చాలవు. మా తమ్ముడి హోటల్‌లో డ్యూటీ చార్టు మూడు నెలలకోసారి వేస్తారు. మే 24న మొదలై జూన్ 24కి మారిపోయిన రైలు ఆ చార్టులోకి ఎక్కేదెప్పుడు?

అప్పుడు లెక్క తీసి జనం రాలేదని తేలితే, 9.40కే మూసేసి ఆ ఎనిమిది గంటలూ గ్యాంగ్‌కి ఇచ్చేయండి. నేను మారుమాట్లాడను.